పాత మేనేజరు మౌనం అభ్యర్థి తప్పా?

సంపాదకులు గారికి,

ఆర్యా,

విశాఖ చుట్టుపక్కల ఫార్మా, ఐటీ కంపెనీల్లో ఉద్యోగం మారాలనుకునేవారికి ఇంటర్వ్యూలన్నీ దాటాక చివర్లో ఎదురయ్యే ఒక అన్యాయాన్ని మీ పత్రిక ద్వారా అందరి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పరవాడ ప్రాంతంలోని ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేశాను. నేను చేయని పరీక్షకు సంతకం పెట్టమని పై అధికారి రిజిస్టరు నా ముందుకు జరిపితే పెట్టనన్నాను. ఆ తర్వాత అక్కడ ఇమడలేక రాజీనామా చేసి, నోటీసు కాలం పూర్తిగా పనిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకునే బయటికి వచ్చాను. అచ్యుతాపురంలో మరో కంపెనీ నన్ను ఎంపిక చేసింది గానీ, ఆఖరి ఫారంలో పాత మేనేజరు ఫోను నంబరు తప్పనిసరి అంది. పది రోజుల తర్వాత గాజువాకలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను వచ్చింది. “మీ పాత సారు మీ గురించి ఏమీ చెప్పనన్నారమ్మా, ఫైలు పక్కన పెట్టాం” అన్నారు. ఆయన నా గురించి చెడుగా చెప్పలేదు. ఆయన మాట్లాడకపోవడమే నాకు అనర్హత అయింది.

తర్వాతి కంపెనీలో, వాళ్లు అడగకముందే, ఆ అధికారికీ నాకూ పని విషయంలో భేదాభిప్రాయం వచ్చిందని ఒక్క మాటలో చెప్పి, ఇప్పుడు వేరేచోట ఉన్న నా పాత షిఫ్టు ఇన్‌ఛార్జి మేడమ్‌దీ, ఆడిట్లలో నాతో కలిసి పనిచేసిన మరొకరిదీ నంబర్లు, వారిని ముందుగా అడిగి, ఇచ్చాను. వాటితోపాటు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, ఫారం 16 జత చేశాను. ఎప్పుడు చేరానో, ఎప్పుడు మానేశానో, ఎంత జీతం తీసుకున్నానో ఆ కాగితాల్లోనే ఉంది. నాలాంటి ఇబ్బందిలో ఉన్నవారు కూడా విషయం దాచకుండా, పాత అధికారిని నిందించకుండా ఇలాగే చేయాలని నా మనవి.

అయితే ఈ భారమంతా అభ్యర్థి మీదే వేయడం సరికాదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1946 నాటి పారిశ్రామిక ఉపాధి చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలోనే (సంస్థలు పాటించాల్సిన ఉద్యోగ నియమావళిలోనే), ఉద్యోగం నుంచి తొలగించిన శాశ్వత కార్మికుడికి సైతం సర్వీసు సర్టిఫికెట్ పొందే హక్కు ఉందని రాశారు. అలాంటప్పుడు పద్ధతిగా రాజీనామా చేసిన మనిషి భవిష్యత్తును ఒక వ్యక్తి ఇష్టాయిష్టాలకు వదిలేయడం ఏం న్యాయం? మన ప్రాంత కంపెనీలు మాజీ మేనేజరుకు కాకుండా పాత సంస్థ హెచ్‌ఆర్ విభాగానికి రాసి, హోదా, తేదీలు మాత్రమే ధ్రువీకరించుకోవాలి. వేతనాల కోడ్, 2019 రాజీనామా చేసినవారికి రావలసిన జీతాన్ని రెండు పనిదినాల్లో చెల్లించమంటోంది. ఆ జీతంతోపాటే సర్వీసు సర్టిఫికెట్ కూడా చేతికిచ్చేలా కార్మిక శాఖ అధికారులు చూడాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం