అతుకులు పూర్తయ్యాయి, బొంత పూర్తి కాలేదు

సంపాదకులకు నమస్కారం.

పాత చీరలతో, జాకెట్టు ముక్కలతో కొత్త తరహా బొంతలు, అంటే క్విల్టులు, కుట్టడం గురించి పత్రికల మహిళల పేజీల్లో, ఫోన్లలో వచ్చే వీడియోల్లో చాలానే చెబుతున్నారు. ఏ రంగు పక్కన ఏ రంగు, చదరాలు ఎలా కత్తిరించాలి, ఎలా అతకాలి, అన్నీ విడమరిచి చూపిస్తున్నారు. పైభాగం తయారయ్యాక మాత్రం ‘దూది పరిచి, అడుగున గుడ్డ వేసి కుట్టి, అంచు కట్టండి’ అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. పనిలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. బీరువాల్లో మడతపెట్టి వదిలేసిన క్విల్టులు చాలావరకు అక్కడ ఆగినవే.

దీన్ని బద్ధకం అనడం అన్యాయం. ముక్కలు అతకడానికి మిషను, పక్కన చిన్న బల్ల చాలు. మూడు పొరలు పరవడానికి ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు చదునైన చోటు కావాలి, నాలుగు జతల చేతులు కావాలి. రెండు గదుల ఇంట్లో మంచం నిలబెడితే తప్ప అంత చోటు రాదు. అందుకే మేం చెప్పేది ఒక్కటే: అతుకులు ఎవరింట్లో వాళ్లు వేసుకోవచ్చు, పొరలు కలిపే పనికి మాత్రం పదిమందీ ఒకచోట చేరాలి. మన ఊళ్లలో బొంత కుట్టే రోజున ఇరుగుపొరుగు వచ్చి అరుగు మీద నాలుగు వైపులా కూర్చునేది ఈ అవసరం కొద్దీనే.

ఒక లెక్క చూద్దాం. సింగిల్ మంచం మీదికి వేసే క్విల్టు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. 10 అంగుళాల చదరాలైతే అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48. ఎనిమిది మంది కలిస్తే మనిషికి ఆరు. చుట్టూ అతుకుకు పావు అంగుళం పోతుంది కాబట్టి కత్తిరించేటప్పుడు పదిన్నర అంగుళాలు ఉండాలి. పదిమంది చేతులు పడే పనిలో తొలి చిక్కు ఇక్కడే వస్తుంది. ఒకరి పావు అంగుళం ఇంకొకరి పావు అంగుళం కాదు. ఒకరు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టినా, రెండు వైపులా కలిపి ఒక్కో అతుకు దగ్గర ఎనిమిదో వంతు పోతుంది. నిలువు వరుసలో ఏడు అతుకులు. చివరికి వచ్చేసరికి ముప్పావు అంగుళం దాటి తేడా, పక్క వరుసతో మూలలు కలవవు.

దీనికి ముందుగానే పరీక్ష ఉంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కత్తిరించి పక్కపక్కన అతికి ఇస్త్రీ చెయ్యాలి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం, మొత్తం మూడున్నర అంగుళాలు రావాలి. రాకపోతే సూది నుంచి పావు అంగుళం కొలిచి, మిషను పలక మీద మాస్కింగ్ టేపు అంటించి, గుడ్డ అంచు ఆ టేపుకు ఆనేలా కుట్టుకోవాలి. అందరూ ఒకే స్టీలు స్కేలుతో కొలవాలి. మెడలో వేసుకునే టేపు వాడిన కొద్దీ సాగుతుంది.

గుడ్డ విషయం క్లుప్తంగా. కొత్త గుడ్డ ఒకసారి ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీర పక్కన అది కుంచించుకుపోయి ముడతలు తెస్తుంది. ఎరుపు, నీలం, కలంకారీ ముక్కల్ని తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేసి చూడాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను విడిగా మళ్లీ ఉతకాలి, ఎన్నిసార్లు ఉతికినా దిగుతుంటే పక్కన పెట్టెయ్యాలి. పాత చీరను వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే పలచబడ్డ చోట్లు తెలుస్తాయి, అవి వద్దు. నైలాన్ జరీ అంచును వేడి ఇస్త్రీ కరిగించేస్తుంది.

అడుగు గుడ్డ, మధ్య పొర ఈ రెండూ పైభాగం కన్నా ప్రతి వైపు మూడు అంగుళాలు పెద్దవిగా ఉండాలి, అంటే 66కు 86. బజారులో దొరికే 44 అంగుళాల పన్నా గుడ్డ ఒక పొడవు సరిపోదు. నాలుగున్నర మీటర్లు తీసుకుని, 88 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేసి, నేత అంచులు కత్తిరించేసి, అర అంగుళం పట్టి నిలువుగా అతకాలి. నేత అంచు ఉంచేస్తే అది గుడ్డకన్నా బిగువుగా ఉండి అతుకు వెంట గుంజుతుంది. ఇలా అతికితే పక్కన దాదాపు 17 అంగుళాలు మిగులుతుంది. దాన్ని పారెయ్యకండి, అంచు పట్టీ అందులోంచే వస్తుంది.

ఇక అసలు పని. బల్లలు నాలుగు కలిపి, అడుగు గుడ్డను తిరగేసి పరిచి, బల్ల అంచులకు బైండర్ క్లిప్పులతో పట్టాలి. బిగువుగా ఉండాలి కానీ సాగకూడదు. సాగదీసి పడితే క్లిప్పు తియ్యగానే అది వెనక్కి ముడుచుకుని, పైపొర నిండా చిన్న చిన్న ముడతలు లేస్తాయి. దాని మీద దూది షీటు, ఆపైన ఇస్త్రీ చేసిన పైభాగం. మధ్యలోంచి అంచులకు అరచేత్తో నిమురుతూ పరవాలి. ఫ్యాను ఆపాలి, లేదంటే పైపొర లేస్తుంది. మన సముద్రపు ఉక్కలో అది కష్టమే, పొద్దున తొమ్మిదిలోపు ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఈలోగా ఒక్క కొలత తప్పకుండా చూడాలి, మూల నుంచి మూలకు. 60, 80 అయితే రెండు వైపులా సరిగ్గా 100 అంగుళాలు రావాలి. ఒకటి 101, ఇంకొకటి 99 వస్తే క్విల్టు ఒరిగినట్టు. అప్పుడే ఎదురెదురు మూలలు పట్టి సర్దుకోవాలి, కుట్టాక సర్దడం కుదరదు.

పిన్నీసులు మధ్యలోంచి మొదలుపెట్టి పిడికిలి దూరానికొకటి, అంటే నాలుగు అంగుళాలకొకటి పెట్టాలి. లెక్కేస్తే 300. ఒక ఇంట్లో 300 పిన్నీసులు ఎక్కడుంటాయి? పది ఇళ్లు తలా 30 తెస్తే సమకూరుతాయి. పిన్నీసులు పెట్టాక వారం తిరగకుండా కుట్టెయ్యాలి. విశాఖ గాలిలో ఉప్పుంది. వానాకాలం అలా వదిలేస్తే ప్రతి పిన్నీసు కిందా మినపగింజంత గోధుమరంగు తుప్పు మరక దిగుతుంది. తెల్ల గుడ్డ మీద అది మామూలు ఉతుకుతో పోదు. వెంటనే కుట్టే వీలు లేనప్పుడు పిన్నీసుల బదులు రెండు అంగుళాల కచ్చా కుట్లు వెయ్యడమే మేలు.

మిషను మీద కుట్టడానికి వాకింగ్ ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదాల్లో ఒక రకం) ఉంటే మంచిది. మామూలు ఫుట్‌తో కింది పళ్లు అడుగు పొరను ముందుకు లాగుతాయి, పైపొర వెనకబడుతుంది, ప్రతి వరుస చివరా ఒక మడత పడుతుంది. వాకింగ్ ఫుట్ పైపొరను కూడా సమానంగా నడిపిస్తుంది. కొనేటప్పుడు మీ మిషను ఫుట్ ఎత్తు చెప్పి తీసుకోండి, పాత నల్ల మిషన్లు చాలావరకు లో షాంకువి, అంటే ఫుట్ బిగించే కడ్డీ పొట్టిగా ఉండేవి. వాకింగ్ ఫుట్ లేకపోతే మిషను తల మీది మర కొంచెం వదులు చేసి నొక్కుడు తగ్గించి చూడండి. సూది 14 నంబరు, కొత్తది. కుట్టు మూడు మిల్లీమీటర్లు. పూర్తి బాబిన్లు నాలుగు ముందే చుట్టి పెట్టుకోవాలి.

ముందు నిలువునా అడుగు దూరానికొకటి, పొరలు కదలకుండా పట్టే కుట్లు, నడిమి వరుసతో మొదలుపెట్టి. ఆ తర్వాత మధ్యలో రెండేసి అంగుళాలకు నింపుకోవాలి. అన్ని వరుసలూ ఒకే చివర నుంచి మొదలవ్వాలి. ఒకటి పైనుంచి, పక్కది కిందినుంచి కుడితే పైపొర ఎదురెదురుగా గుంజుకుని ఏటవాలు ముడతలు పడతాయి. ఏకిన దూది వాడినవాళ్లు రెండు అంగుళాల దూరం దాటనే కూడదు, ఉతికితే ఉండకడుతుంది. అడుగున దారం చిక్కుపడితే వెంటనే బాబిన్ మర తిప్పెయ్యకండి. సాధారణంగా తప్పు పైదారంలో ఉంటుంది: ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది దారం బిగువు నిలిపే టెన్షన్ రేకుల మధ్య కూర్చోదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించండి. బల్ల కిందికి వేలాడే బరువు సూదిని లాగి వంచుతుంది, కాబట్టి కుట్టేవాళ్ల ఎడమపక్క ఒకరు క్విల్టు పట్టుకుని ఉండాలి. ఇంట్లో ఒంటరిగా కుట్టేవాళ్లకు లేనిది ఆ రెండో మనిషి చేతులే.

మిషను మీద ఇంత బరువు తిప్పలేమనుకునేవాళ్లు మూడు పొరలనూ కలుపుతూ దారంతో ముడులు వెయ్యొచ్చు. మధ్య పొర పాలిస్టర్ షీటు అయితే నాలుగు అంగుళాలకో గట్టి ముడి చాలు. ఎనిమిది మంది కూర్చుంటే మనిషికి నలభై ముడులు పడవు, ఒక పూటలో అయిపోతుంది. దీన్ని తక్కువ పనిగా చూడటం సరికాదు.

అన్ని క్విల్టులూ మధ్య నుంచే కుట్టాలన్న నియమం కూడా లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలు కుట్టే కౌదులనే బొంతల్లో పని అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుతుంది. వాళ్లు ముక్కను నేరుగా అడుగు చీర మీద పెట్టి కుడతారు కాబట్టి ముందే అతికిన పెద్ద పైపొర జరిగిపోతుందన్న బెంగ ఉండదు. పైభాగం ముందే అతికేసిన క్విల్టుకు ఆ పద్ధతి పట్టుకుంటే మాత్రం ముడతలన్నీ నడిమధ్యకు చేరి చిక్కుకుపోతాయి.

అంచు పట్టీకి కావలసిన పొడవు చుట్టుకొలత 280, మూలలకు, చివర్లకు ఇంకో 12, మొత్తం 292 అంగుళాలు. మిగిలిన అడుగు గుడ్డలోంచి రెండున్నర అంగుళాల వెడల్పున 88 అంగుళాల పట్టీలు నాలుగు తీసి, ఏటవాలుగా అతికితే సరిపోయి మిగులుతుంది. గుడ్డ విడిగా కొని అడ్డంగా కత్తిరిస్తే 42 అంగుళాల పట్టీలు ఏడు చాలనిపిస్తుంది. చాలవు, ఒక్కో ఏటవాలు అతుకు దగ్గర రెండున్నర అంగుళాలు పోతుంది, ఎనిమిది కావాలి. నేరు అంచుకు క్రాస్ పట్టీ (గుడ్డను ఏటవాలుగా కత్తిరించి తీసినది) అక్కర్లేదు, అది సాగి అంచును అలలు అలలుగా చేస్తుంది. వంపు ఉన్నచోటే క్రాస్.

పట్టీని నిలువునా సగానికి మడిచి, విడి అంచులు క్విల్టు అంచుతో కలిపి పావు అంగుళంలో కుట్టాలి. మూల వచ్చేసరికి పావు అంగుళం ముందే ఆగి, దారం తెంచి, పట్టీని ఏటవాలుగా పైకి మడిచి, మళ్లీ కిందికి దించి, కొత్త వైపు అంచు నుంచి మొదలుపెట్టాలి. ఆ పావు అంగుళం ముందు ఆగకపోతే మూల తిప్పినప్పుడు విచ్చుకోదు, గుండ్రంగా ముద్దకడుతుంది. మొదట్లో, చివర్లో పది అంగుళాలు కుట్టకుండా వదిలితేనే రెండు చివరలూ చదునుగా కలపగలం. వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేస్తే శుభ్రంగా ఉంటుంది. తొందరగా కావాలంటే మిషను మీదే వెయ్యొచ్చు.

మా విన్నపం నగరపాలక సంస్థకు. వార్డుల్లోని కమ్యూనిటీ హాళ్లలో నెలకు ఒక ఆదివారం పొద్దున పూట కుట్టుపని చేసుకునేవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. కావలసింది ఎక్కువేమీ లేదు: ఒకే ఎత్తున్న బల్లలు నాలుగైదు, మంచి వెలుతురు, గోడకు విడివిడిగా ప్లగ్గులు. ఇస్త్రీపెట్టె ఒక్కోటి 1000 వాట్లు, నాలుగు ఆంపియర్లు పైనే లాగుతుంది. ఆరు ఆంపియర్ల ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి రెండు ఇస్త్రీపెట్టెలు పెడితే తీగ కాలుతుంది. ఇస్త్రీకి వేరే గోడ, మిషన్లకు వేరే గోడ ఉండాలి. డ్వాక్రా సంఘాలవాళ్లు, ఇంట్లో కుట్టుకునేవాళ్లు కలిసి వాడుకోవచ్చు. మీ పత్రిక విశాఖ పేజీలో ఏ వార్డు హాలు, ఏ ఆదివారం అన్నది ముందు వారమే వేస్తే, పిన్నీసులు, స్టీలు స్కేలు, చుట్టిన బాబిన్లు, ఇస్త్రీ చేసిన పైభాగం పట్టుకుని రావడానికి అందరికీ సమయం ఉంటుంది.

ఇట్లు,
కుట్టుపని నేర్పే కొందరు మహిళలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం