బుజ్జికి, గుంటూరు నుంచి

గుంటూరు,
నవంబర్ 14

బుజ్జీ,

ప్రభువు నామంలో దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి షుగర్ కంట్రోల్లోనే ఉంది. పొద్దున వాకింగ్ పేరుతో వెళ్ళి దారిలో ఇడ్లీ తినడం మాత్రం మానలేదు. డాబా మీద కారుతున్న చోట రాంబాబు వచ్చి సిమెంటు పూసి వెళ్ళాడు, మళ్ళీ వాన పడితే గానీ దాని సంగతి తెలియదు. ఫోన్ చేస్తే "రిహార్సల్‌లో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ రావడం లేదు. ఉత్తరమైతే నీకు తీరినప్పుడు చదువుకుంటావని ఇలా కూర్చున్నాను. ప్రత్యేకంగా విషయమేమీ లేదు.

మొన్న శ్యామల మనవడి బాప్తిస్మానికి వెళ్ళాం. భోజనాల దగ్గర రత్నం పెద్దమ్మ నా పక్కనే కూర్చుంది. పెరుగు కలుపుకుంటూ, "జర్మనీలో బుజ్జి వాళ్ళ ఆపెరా థియేటర్‌కి కొత్త డైరెక్టర్ వస్తున్నాడటగా, పాతవాళ్ళని తీసేస్తున్నారటగా, మా కిరణ్ చెప్పాడు" అంది. అదేం లేదన్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ చేసుకునేవాడికి మీ ఊరి థియేటర్ కబుర్లు ఎవరు మోస్తారు? నేనేం పట్టించుకోలేదు. నీకు తెలియాలని రాశాను, అంతే.

క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యాయి. ఈసారి ఆల్టోలో, అదే కింది గొంతు ఆడవాళ్ళలో, నాతో కలిపి నలుగురమే. కీబోర్డు అబ్బాయి మంచివాడే గానీ, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే శ్రుతి మారిపోయే రోజుల్లో పుట్టాడు. మేం పైకి పోలేకపోతే బటన్ నొక్కుతాడు. అంతేగానీ ఎందుకు పోలేకపోతున్నామో వినడు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన పాడితే కూడా వెనక డ్రమ్ములు మోగాల్సిందేనట. నీ వీడియో చూపించాను వాళ్ళకి, కోరస్‌తో నిలబడి ప్రాక్టీసు చేయిస్తున్నది. ఎడమచేతి చిటికెన వేలు కాస్త పైకెత్తి పై గొంతు సొప్రానోల వైపు చూశావు చూడు, అది తాతయ్యది. శ్రుతి జారుతోందంటే ఆయనా అదే వేలు ఎత్తేవారు. నీకెవరూ నేర్పలేదు. ఆ వీడియోలో నువ్వు చిక్కిపోయావు, అది వేరే సంగతి.

అక్టోబర్ 31 దాటిపోయింది కదా. ఊరికే గుర్తొచ్చింది. వెళ్ళిన కొత్తలో నువ్వే చెప్పావు, వచ్చే సీజన్‌కి కాంట్రాక్ట్ పొడిగించకపోతే ఆ తేదీలోపే థియేటర్ వాళ్ళు కాగితం ఇవ్వాలని, ఇవ్వకపోతే ఇంకో ఏడాది దానంతటదే సాగుతుందని. అప్పుడే నాకు విడ్డూరంగా అనిపించింది. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాళ్ళకి ప్రొబేషన్ దాటితే పర్మనెంట్, వాళ్ళని నడిపించే మీకేమో ఏడాదికేడాది గండం! పైగా పై అధికారి మారితే ఆయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. మన దగ్గర ఎమ్మార్వో మారినా అటెండరు మారడు.

ఆపెరా అంటే పాటలతో నడిచే నాటకమని, అందులో కోరస్‌కి నేర్పడం నీ పని అని నాకు అర్థం కావడానికే చాలాకాలం పట్టింది. నెలల తరబడి కోరస్‌కి నువ్వు ముక్కముక్కా నేర్పుతావు, వాళ్ళకి రాని భాషలో మాటలు పలికిస్తావు. ఆఖర్లో పెద్ద కండక్టర్ వచ్చి నిలబడతాడు. ప్రదర్శనలో నువ్వు తెర వెనక చీకట్లో నిలబడి, చిన్న టీవీలో ఆయన చెయ్యి చూస్తూ లోపలి కోరస్‌ని నడిపించాలి. అదీ ఆయన కంటే కొంచెం ముందుగా, లేకపోతే లోపలి పాట హాల్లోకి ఆలస్యంగా చేరుతుంది. ఇంత చేస్తే మొదటి రోజు ఒక్కసారి స్టేజీ మీదికి పిలిచి చప్పట్లు కొడతారు. పెళ్ళిలో వంటవాడికున్న గుర్తింపు! తింటున్నంతసేపూ ఎవరికీ వాడు గుర్తురాడు, ఉప్పు తగ్గితే మాత్రం అందరికీ గుర్తొస్తాడు.

అయినా ఆ దారినే అందరూ వెళ్ళారుగా. నువ్వు వదిలి వెళ్ళిన పుస్తకాలు మధ్యాహ్నాలు తిరగేస్తున్నాను. మన బొంబాయి కుర్రాడు జుబిన్ మెహతా వియన్నాలో చదివేటప్పుడు, పెద్ద కండక్టర్ కరయన్ రిహార్సల్స్ చూడనివ్వడం లేదని, తోటి విద్యార్థి అబ్బాడోతో కలిసి అక్కడి క్వయర్‌లో బేస్, అదే మగవాళ్ళ కింది గొంతు, పాడటానికి చేరిపోయాడట. పాడుతూ ఆయన చేతులు చూడొచ్చని! కండక్టర్ సిమోన్ యంగ్ కూడా సిడ్నీలో నీలాగే పియానో దగ్గర గాయకులకి పాఠం చెప్పడంతోనే మొదలుపెట్టింది. 2024లో జర్మనీలోని బైరాయిట్ ఉత్సవంలో వాగ్నర్ 'రింగ్' నాలుగు ఆపెరాలూ నడిపించిన మొదటి ఆడమనిషి ఆమే. హంగేరీ కండక్టర్ సోల్తీ సంగతి తెలుసుగా. 1930లో బుడాపెస్ట్ ఆపెరాలో అదే పనికి చేరాడు. యూదుడని కండక్టర్ కర్ర చేతికివ్వలేదు. 1938 మార్చి 11న మొదటిసారి మోట్సార్ట్ 'ఫిగారో' నడిపించనిచ్చారు, ఆ రాత్రికి రాత్రే ఆస్ట్రియా హిట్లర్ చేతిలోకి పోయింది. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఏళ్ళకేళ్ళు పియానో వాయించి బతికాడు. 1946లో మ్యూనిక్‌లో పిలిచి ఆపెరా అప్పగించారు. ఆ తర్వాత లండన్‌లో పదేళ్ళు, షికాగోలో 22 ఏళ్ళు, 31 గ్రామీలు. అంటే మధ్యలో ఖాళీ వస్తే కొంప మునిగిపోదు. 1939లో ఇల్లు వదిలి వెళ్ళినవాడు తండ్రిని మళ్ళీ చూడలేదు, 1943లో ఆ పెద్దాయన పోయాడు. అది యుద్ధం కాబట్టి సరే. నీకు వాట్సాప్ ఉంది.

తాతయ్య సంగతి ఒకటి నీకు చెప్పానో లేదో. నేను పదో తరగతి. చర్చిలో కొత్త కమిటీ వచ్చి, క్వయర్‌ని మద్రాసు నుంచి వచ్చిన ఒకాయనకి అప్పగించింది. తాతయ్యకి మాటమాత్రం చెప్పలేదు, నోటీసు బోర్డు మీద వేరే పేరు పెట్టారు. ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రాక్టీసు రోజుల్లో ఎప్పటిలాగే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ట్యూనింగ్ ఫోర్కు పెట్టుకుని సాయంత్రం ఆరింటికి బయల్దేరేవారు, తొమ్మిదింటికి వచ్చేవారు. ఎక్కడికి వెళ్ళేవారనుకున్నావ్? రైల్వే స్టేషనుకి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని, విజయవాడ బండ్లు వచ్చిపోతుంటే చూసేవారు. అమ్మమ్మకి చేపల మార్కెట్లో ఎవరో చెప్పారు. ఆవిడ వెంటనే అడగలేదు. ఇంకో రెండు వారాలు అన్నం పెట్టి ఊరుకుంది. ఒకరాత్రి "ఇవాళ ప్రాక్టీసు ఎలా జరిగింది?" అంది. "టెనర్లు బాగా పాడారు" అన్నారు తాతయ్య. ఆవిడ ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ, "స్టేషన్లో టెనర్లు కూడా ఉంటారా?" అంది.

ఆయన మజ్జిగన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు నవ్వారు. మొదట ఆయన, తర్వాత ఆవిడ, తర్వాత మేమందరం. ఆ నెలలోనే రైల్వే క్వార్టర్స్ పిల్లల్ని పోగేసి వరండాలో పాటలు మొదలుపెట్టారు. హార్మోనియం లేదు. ఒక్కో చరణం అయ్యాక ఫోర్కు మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఎంత జారిపోయారో వాళ్ళకే వినిపించేవారు. మా క్వయర్‌లో ఇప్పటికీ శ్రుతిలో నిలబడే బేస్‌లు ఆ వరండా పిల్లలే. వాళ్ళకీ అరవై దాటాయిలే.

ఇది ఎందుకు రాశానంటే, ఊరికే.

సరే, సూటిగానే అడుగుతున్నాను. ఆ కాగితం వచ్చిందా, రాలేదా? వస్తే వచ్చిందని చెప్పు. జర్మనీలో సర్కారు డబ్బుతో నడిచే ఆర్కెస్ట్రాలే 130 దాకా ఉన్నాయని నువ్వే అన్నావు, థియేటర్లకి కొదవా? ఆడిషన్లకి తిరగాలంటే రైలు టికెట్లకి డబ్బు కావాలి, నా పెన్షన్ ఖాతాలో ఉంది, నాన్నగారికి చెప్పక్కర్లేదు. లేదంటే మన లూథరన్ చర్చిల్లో క్వయర్ నడిపే ఉద్యోగాలు చూడు, అవి చిన్నచూపు చూడాల్సినవి కావు. అప్పట్లో పేరున్న టెలిమన్, గ్రౌప్నర్ దక్కకపోతేనే 1723లో లైప్‌జిగ్ వాళ్ళు చర్చి సంగీతానికి బాఖ్‌ని తీసుకున్నారు. మూడో పేరుగా పిలిచినా వెళ్ళి, చివరిదాకా అక్కడే పనిచేశాడాయన. నిన్ను ఐటీలోకి మారిపొమ్మని కిరణ్ సలహా ఇచ్చాడట. మారితే మారు, నేనేమీ అనను. నాతో చెప్పి మారు. మొహమాటానికి పోయి జీతం లేకుండా ఎవరి కోరస్‌కీ నేర్పకు. భుజం నొప్పికి డాక్టర్ని చూడకుండా ఆ స్ప్రే కొట్టుకుంటూ కూర్చోకు. రాత్రి ప్రదర్శన అయ్యాక పదకొండింటికి బ్రెడ్డు ముక్క తిని పడుకోవడం భోజనం కాదు.

సోమవారం పార్శిల్ వేయిస్తున్నాను. కందిపొడి, గోంగూర, నాన్నగారు పట్టుబట్టి కొన్న ఉన్ని మఫ్లర్, నువ్వు అడిగిన నల్ల చుడీదార్. గోంగూర సీసాకి రెండు కవర్లు చుట్టాను, అయినా విప్పేటప్పుడు స్వరాల కాగితాల పక్కన పెట్టకు. ఇల్లు మారే ఉద్దేశం ఉంటే మాత్రం ఆదివారంలోగా చెప్పు. పాత అడ్రసుకి పంపి, తర్వాత పోస్టాఫీసు చుట్టూ తిరిగే ఓపిక నాన్నగారికి లేదు.

ఇట్లు,
అమ్మ