వార్షిక నివేదిక: ఉపన్యాసాలు, గ్రంథాలయం, లెక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నెలవారీ ప్రసంగాల్లో ఎక్కువ రచ్చ జరిగింది ఫ్రీమేసన్ల మీద. తలుపులు మూసుకుని సమావేశాలు జరుపుకునే పాత సోదర సంఘం వాళ్లది. విషయం ప్రకటించగానే "అలాంటివాళ్ల గోల మనకెందుకండీ" అని కొందరు పెద్దలు ఫోన్లు చేశారు. తీరా చూస్తే కుర్చీలు చాలక కుర్రాళ్లు మెట్ల మీద కూర్చున్నారు.

చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన వక్త హైదరాబాదులోని గోషామహల్ బారాదరితో మొదలుపెట్టారు. కుతుబ్‌షాహీల నాటి ఆ భవనం 1872 నుంచి ఫ్రీమేసన్ల చేతిలో ఉంది. తలుపులు మూసుకుని కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? వాళ్లు సమావేశమయ్యే ఇలాంటి లాడ్జిలకు ఉపఖండంలో చాలాచోట్ల 'జాదూఘర్' (మంత్రాల ఇల్లు) అని పేరు పడింది. నిజానికి లోపల బల్ల మీద ఉండేవి గీత, ఖురాన్, బైబిల్. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. దేవుణ్ణి నమ్మనివారిని చేర్చుకోరు. మతం, రాజకీయం మాట్లాడకూడదు. వాళ్ల గుర్తులోని మూలమట్టం, కంపాస్ మేస్త్రీల పనిముట్లే. వివేకానందుడు నరేంద్రుడిగా ఉన్నప్పుడు, 1884లో, కలకత్తా లాడ్జిలో చేరాడంటే సభలో చాలామంది నమ్మలేదు.

మరి వాళ్లు సైతానును పూజిస్తారనే మాటేమిటి? ఆ పుకారును జనంలోకి బాగా ఎక్కించింది లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత. 1885 తర్వాత ఏళ్ల తరబడి అవే రాతలు. డయానా వాన్ అనే యువతిని సృష్టించి, సైతాను ముఠా నుంచి తప్పించుకొచ్చిందంటూ ఆమె పేరుతోనే పుస్తకాలు అచ్చువేశాడు. చివరికి 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, అంతా కట్టుకథేనని తానే చెప్పేశాడు. జనం మండిపడితే పోలీసులే బయటికి తీసుకెళ్లారు. ఆ ఒప్పుకోలు ఎవరికీ గుర్తులేదు, కథ మాత్రం మన వాట్సాప్ గ్రూపు దాకా వచ్చింది.

డాలర్ నోటు మీది కన్ను ఫ్రీమేసన్ల గుర్తేనా అని కుర్రాళ్లు అడిగారు. అది 1782 నాటి అమెరికా రాజముద్రలోది. దాన్ని ఖరారు చేసిన చార్లెస్ థామ్సన్ మేసన్ కాడు. ఫ్రీమేసన్లతో కలిపి చెప్పుకునే ఇల్యూమినాటి అయితే 1776లో బవేరియాలో పుట్టి, పదేళ్లలోపే నిషేధం పాలైన వేరే సంఘం.

అన్నీ అపోహలేనని కొట్టిపారేయడానికీ లేదు. మన దేశంలోని ఫ్రీమేసన్ల ప్రధాన సంస్థ ఆడవాళ్లను ఎందుకు చేర్చుకోదని మహిళా విభాగం నిలదీస్తే, వక్త "అది పాత ఆచారం" అన్నారు. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

గ్రంథాలయానికి కొత్త బీరువా కొన్నాం. పుస్తకాలు తీసుకుని ఇవ్వనివారు దయచేసి తెచ్చివ్వాలి. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక దీనికి జతచేశాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

కార్యదర్శి