స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ సైజు మార్చుకునే వీలు తీసేయడంపై ఫిర్యాదు

తిరుపతి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. పాత కచేరీలు, హరికథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, శబ్దం బాగుచేసి ఇవ్వడం నా ప్రధానమైన పని. అందుకోసమే మీ ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏటా చందా కడుతున్నాను. ఈమధ్య వచ్చిన అప్‌డేట్‌తో ఆ పనే ఆగిపోయింది.

శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గ్రాఫ్‌గా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ సైజును, అంటే ఒక్కో లెక్కకు తీసుకునే శబ్ద నమూనాల (శాంపిళ్ల) సంఖ్యను, ఇదివరకు 512 నుంచి 65,536 దాకా ఎంచుకునేవాళ్లం. ఇప్పుడు ఆ మెనూయే లేదు, 2,048 దగ్గర బిగించేశారు. శాంపిల్ రేటు సెకనుకు 44,100 ఉంటే, 2,048 సైజులో గ్రాఫ్ మీద ఒక బిందువుకూ మరో బిందువుకూ మధ్య 21.5 హెర్ట్జ్ దూరం ఉంటుంది. నా పనికి అది ఏ మూలకూ చాలదు.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేనిచోట చేసిన రికార్డింగ్‌లో 50తో పాటు 100, 150, 200 దగ్గర కూడా హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే చప్పుడు) పడుతుంది. ఐదు శ్రుతిలో పాడే గాయని షడ్జమం (స) సుమారు 196 హెర్ట్జ్. దానికీ 200 దగ్గరి హమ్‌కూ తేడా నాలుగే. 65,536 పెడితే రెండూ విడివిడిగా కనిపించేవి, హమ్‌ను మాత్రమే సన్నగా కోసేవాణ్ణి. ఇప్పుడు రెండూ కలిసి ఒకే దిబ్బలా కనిపిస్తున్నాయి. గుడ్డిగా ఫిల్టర్ పెడితే హమ్‌తో పాటు పాటకు ఆధారమైన షడ్జమమే పలచబడుతుంది.

క్యాసెట్లలో ఇంకో చిక్కుంది. ప్లేయర్ వేగం తేడాగా ఉంటే శ్రుతి కూడా మారిపోతుంది. అసలు వేగం తెలుసుకోవడానికి మాకు ఆ హమ్మే ఆధారం. రికార్డు చేసినప్పుడు పడ్డ 50 హెర్ట్జ్ హమ్ ఇప్పుడు 51.5 దగ్గర కనిపిస్తే, టేపు మూడు శాతం వేగంగా తిరుగుతోందని అర్థం. అంటే శ్రుతి దాదాపు పావు స్వరం పెరిగినట్టే. 21.5 హెర్ట్జ్ దూరంలో ఈ తేడా ఎలా కనిపిస్తుంది?

అలాగని ఎప్పుడూ పెద్ద సైజే కావాలనడం లేదు. సైజు పెంచేకొద్దీ ఏ చప్పుడు ఏ క్షణంలో వచ్చిందో మసకబారుతుంది. మృదంగం దెబ్బ పక్కనే పడ్డ టిక్కుమనే చప్పుడును పట్టుకోవాలంటే 512 లాంటి చిన్న సైజే నయం. పనిని బట్టి మార్చుకోవాలి కాబట్టే ఆ ఎంపిక ఉండాలంటున్నాను.

ఇదంతా మీ సపోర్ట్‌కు రాస్తే, కొత్తవాళ్లకు గందరగోళంగా ఉందని తీసేశామనీ, కావాలంటే ఖరీదైన ప్లాన్‌కు మారమనీ జవాబిచ్చారు. ఇది అన్యాయం. డబ్బు తీసుకున్నప్పుడు ఉన్న సదుపాయాన్ని చందా గడువు మధ్యలో తీసేసి, దాన్నే మళ్లీ కొనమంటున్నారు. కొత్తవాళ్ల ఇబ్బంది నాకూ అర్థమవుతుంది. వాళ్ల కోసం మామూలుగా 2,048 ఉంచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మిగతావి పెడితే సరిపోయేది. ఇళ్లవాళ్లు నమ్మి ఇచ్చిన క్యాసెట్లు నా దగ్గర ఉన్నాయి. చాలావాటికి మరో కాపీ లేదు, టేపు రోజురోజుకూ పాడవుతోంది. ఆ టెన్షన్ మీకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత మెనూను తిరిగి ఇవ్వండి. అందాకా పనిచేసుకోవడానికి పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ పంపండి. రెండూ కుదరకపోతే మిగిలిన కాలానికి చందా వాపసు చేయండి. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే ఫిర్యాదు చేసే హక్కు నాకుంది. చందా రసీదు, మీ సపోర్ట్ ఇచ్చిన జవాబు, ఒకే క్యాసెట్ ముక్కకు పాత, కొత్త వెర్షన్లలో తీసిన గ్రాఫులు జతచేస్తున్నాను.

ఇట్లు,
స్టూడియో నిర్వాహకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి