నాన్నను లేపి కూర్చోబెట్టిన మా ఊరి వాళ్లందరికీ

నాన్న ఇప్పుడు వాకర్ పట్టుకుని వీధి అరుగు దాకా వస్తున్నారు. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, మాట కాస్త ముద్దగానే ఉంది. అయినా పేపరు కుర్రాడు ఆలస్యం చేస్తే కోప్పడేంత మాట మాత్రం వచ్చేసింది. పోయిన సంక్రాంతికి మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగలేకపోయిన మనిషి ఆయన. సాయం చేసినవాళ్లకి విడివిడిగా ఫోన్లు చేశాను గానీ, ఎవరు ఏం చేశారో అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. నేను హైదరాబాదులో ఉంటాను, అన్నయ్య న్యూజెర్సీలో. ఇంట్లో నాన్నతో ఉన్నది అమ్మ ఒక్కతే. ఆవిడకూ షుగరు, మోకాళ్ల నొప్పులు.

పక్షవాతం వచ్చిన రోజు ప్రాణం నిలబెట్టిన ఆసుపత్రి వాళ్లకు ముందుగా దండం. అసలు టెన్షన్ డిశ్చార్జి తర్వాత మొదలైంది. నరాల డాక్టరు ఒక ఊళ్లో, షుగరు డాక్టరు ఇంకో ఊళ్లో, ఏళ్ల తరబడి బీపీ చూస్తున్న డాక్టరు మరోచోట. ఎవరికి వాళ్లు మంచివాళ్లే. ఒకరు రాసింది ఇంకొకరి కంట పడే దారే లేదు. చీటీలన్నీ క్యారీ బ్యాగుల్లో ఉన్నాయి, వాటి మధ్యలో కళ్లజోడు వెతుక్కుంటూ అమ్మ.

ఆ చిక్కు విప్పింది మా విలేజ్ క్లినిక్ మేడం గారు. వయసులో నాకంటే చిన్న. బీపీ చూడ్డానికని వచ్చి, ఆ చీటీలన్నీ నేల మీద పరిచి, ఒక లాంగ్ నోట్‌బుక్ తెప్పించారు. మొదటి పేజీలో జబ్బులు, ఏది ఏ డాక్టరు చూస్తున్నారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. రెండో పేజీలో మందులు. అవి కూడా కంపెనీ పేరుతో కాదు, లోపల ఉన్న మందు పేరుతో, ఎవరు ఎందుకు రాశారో పక్కనే. "ఏ డాక్టరు గారి దగ్గరకెళ్లినా ముందు ఈ పుస్తకం బల్ల మీద పెట్టండమ్మా, ఆ తర్వాతే మాట్లాడండి" అని అమ్మకు గట్టిగా చెప్పారు. జపాన్‌లో 2000లో వృద్ధుల సంరక్షణకు బీమా పెట్టినప్పటి నుంచి ఈ పని చేయడానికి కేర్ మేనేజర్ అని ఒక ఉద్యోగమే ఉంది. మన మేడం గారు టీకాలు, గర్భిణుల పరీక్షలు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ చేసుకుంటూ దీన్ని పైన వేసుకున్నారు. దీనికి ఆవిడకు ఒక్క రూపాయి ఎక్కువ రాదు.

మెడికల్ షాపు తమ్ముడికి నేను బాకీ ఉన్నది మందుల డబ్బులు మాత్రమే కాదు. ఫిబ్రవరిలో నాన్న రోజంతా మగతగా ఉండేవారు, అమ్మను పట్టుకుని "నువ్వెవరు" అనేవారు. వచ్చినవాళ్లంతా వయసు మీద పడిందన్నారు, మతిమరుపు రోగం అన్నారు. పుస్తకంలో రాసుకోవడానికి పాత అట్టలు తీసుకుని షాపుకు వెళ్తే, అతను రెండు అట్టలు పక్కపక్కన పెట్టి చూపించాడు. పేర్లు వేరు, రెండింట్లోనూ ఉన్నది టెల్మిసార్టాన్ అనే ఒకే బీపీ మందు. పైగా ఒకదాంట్లో నీరు లాగే మందు కూడా కలిపి ఉంది. ఆ సంగతి విని 104 బండిలో వచ్చే పీహెచ్‌సీ డాక్టరు గారు ఇంటికొచ్చి చూసి సోడియం పరీక్ష, అంటే రక్తంలో ఉప్పు ఎంతుందో చూసే పరీక్ష రాశారు. బాగా పడిపోయి ఉంది. ముసలివాళ్లకు నీరు లాగే బీపీ మాత్రలతో అలా జరుగుతుందట. దానికి తోడు బీపీ అని అమ్మ ఉప్పు దాదాపు మాన్పించేసింది. భీమవరంలో చేర్చి మెల్లగా సరిచేసి, మందులు మార్చి పంపారు. వారం తిరిగేసరికి నాన్న అమ్మను పేరు పెట్టి పిలిచారు. ఇంట్లో మీ పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమక పడుతుంటే వయసు అని వదిలేయకండి, సోడియం చూపించండి.

ఫిజియో అబ్బాయి వ్యాయామాలతో ఆగలేదు. నీళ్లు తాగితే పొలమారుతుంటే పడుకోబెట్టి ఏదీ పట్టొద్దన్నాడు, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, పలచటి నీళ్ల బదులు కాస్త చిక్కగా చేసిన జావ చెంచాతో పట్టమని నేర్పాడు. రెండు గంటలకోసారి పక్క మార్చాలని గోడ మీద కాగితం అంటించాడు. నాన్నకు పుండ్లు పడలేదంటే ఆ కాగితం చలవే, దాన్ని తు.చ. తప్పకుండా పాటించిన కేర్‌టేకర్ అక్క చలవే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఖర్చుకు వర్తించే కేంద్రం వారి వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఇంట్లో మనిషి జీతం, డైపర్లు, ఎయిర్ బెడ్ అన్నీ మన చేతి నుంచే. నాకు మాత్రం ఇది సగం సాయంగానే కనిపిస్తుంది, పక్షవాతం మనిషికి ఆసుపత్రి కొన్నాళ్లు, ఇల్లు కొన్నేళ్లు కదా. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి వృద్ధాప్య పింఛను 4,000 బదులు 15,000 ఉంటుందని సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్ గారు చెప్పి, అర్జీకి కావలసినవన్నీ దగ్గరుండి చూశారు. నాన్న నడవడం మొదలుపెట్టాక ఆ అర్జీ మేమే వదిలేశాం, ఆయన మాత్రం అంతే మర్యాదగా ఉన్నారు. పెద్దవాళ్ల సాయం కోసం ఉన్న ఫోన్ లైన్ ఎల్డర్‌లైన్ 14567కి చేస్తే ఓపిగ్గా వివరాలు చెప్పారు, ఆ నంబరు రాసి ఉంచుకోండి.

అన్నయ్య, మాకు రాత్రి అయితే నీకు పగలు, అందుకే రాత్రి షిఫ్టు నీదే అన్నాం. కెమెరాలో నాన్నను చూస్తూ, కేర్‌టేకర్ అక్క కునుకు తీస్తే ఫోన్ చేసి లేపింది నువ్వే. అయినా అన్నిటికీ ఎక్సెల్ షీటు పెట్టడం ఆపు, అమ్మకు అవి తెరవడం రాదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, వెల్లుల్లి వైద్యాలు బంద్ అంటే అలిగినా, తర్వాత నిజంగానే ఆపేసిన బాబాయికి ప్రత్యేక కృతజ్ఞతలు.

అందరికంటే ఆఖర్న రాస్తున్నా గానీ, పక్కింటి పిన్నిని మరవలేను. అందరం నాన్న ఎలా ఉన్నారనే అడిగాం. అమ్మ తిందా, పడుకుందా, షుగరు చూపించుకుందా అని అడిగింది పిన్ని ఒక్కర్తే. ఆదివారం సాయంత్రాలు నాన్న దగ్గర తాను కూర్చుని, అమ్మను బలవంతంగా క్షీరారామం గుడికి పంపేది. మొదట్లో గంట లోపే తిరిగొచ్చేసే అమ్మ ఇప్పుడు వచ్చేటప్పుడు బజారు కూడా చూసుకుని వస్తోంది.

ఎయిర్ బెడ్ ఇప్పుడు ఖాళీగా ఉంది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా అవసరమైతే విలేజ్ క్లినిక్‌లో చెప్పండి, మేడం గారికి తాళం ఇచ్చాం. డబ్బులేమీ వద్దు. మోటారు మాత్రం నేల మీద పెట్టకండి, ఎలుకలు ఒకసారి వైరు కొరికేశాయి.