అడిగినదానికి తప్ప అన్నింటికీ జవాబు చెప్పే మీ కంపెనీకి

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: బట్టలతో పాటు వస్తున్న ప్లాస్టిక్ కవర్లు, అంతకంటే ముఖ్యంగా, మీ నుంచి రాని జవాబు.

అయ్యా / అమ్మా,

ముందే ఒక మాట చెప్పేస్తాను. మీ బట్టల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రంగు పోలేదు, కుట్లు ఊడలేదు, సైజు సరిపోయింది. కాబట్టి దయచేసి ఈ లేఖను క్వాలిటీ విభాగానికి తోసేయకండి. డబ్బు వాపసు ఇస్తామనీ, వేరే పీసు పంపిస్తామనీ రాయకండి. ఆ ముచ్చట నేను అడక్కుండానే జరిగిపోయింది. ఎలా జరిగిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. మీ ఫోన్ లైన్లో వచ్చే పాటను నేను అంతకంటే ఎక్కువ ఓపికతోనే విన్నాను.

నేను అడిగింది చాలా చిన్న సంగతి. ఒక చొక్కా తెప్పించుకుంటే పైన ప్లాస్టిక్ కొరియర్ కవరు, లోపల ఇంకో ప్లాస్టిక్ కవరు, కాలరు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ, పైగుండీ కింద సీతాకోకచిలుక ఆకారంలో ఒక ముక్క, చేతుల మడతలకు క్లిప్పులు, ధర చీటీకి ప్లాస్టిక్ దారం. చొక్కా తొడుక్కోవడానికి పట్టిన సమయం కంటే దాని ఒంటి మీది ప్లాస్టిక్ వలవడానికే ఎక్కువ పట్టింది. సాక్సులు ఒకే ఆర్డర్లో తెప్పిస్తే జతకో కవరు! ఇందులో ఎంత తగ్గిస్తారు, ఎప్పటికి తగ్గిస్తారు అని అడిగాను. అంతే.

మొదట మీ చాట్‌బాట్ పలికింది. ఆర్డర్ ఎక్కడుంది, రిటర్న్, రిఫండ్, పేమెంట్... నా ప్రశ్న వాటిలో లేదు. 'ఇతరములు' నొక్కితే మళ్ళీ మొదటికే తెచ్చింది. 'ప్యాకింగ్' అని టైప్ చేస్తే, గిఫ్ట్ ప్యాకింగ్ కావాలా అని ఎంతో ఉత్సాహంగా అడిగింది. మరో రెండు పొరల కాగితం, ఒక రిబ్బను, దానికి అదనపు చార్జీ. వద్దన్నాను. 'మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం' అంది.

తర్వాత ఫోన్లో ఒకాయన దొరికారు. మంచి గొంతు, మంచి మర్యాద. నేను చెప్పిందంతా ఊఁ కొడుతూ విని, చివర్లో 'అర్థమైంది మేడమ్, అయితే కవరు చిరిగి వచ్చిందంటారా?' అన్నారు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది. చిరగలేదు బాబూ, అసలు కవరే ఎందుకని అడుగుతున్నాను అన్నాను. 'తప్పకుండా మేడమ్, నోట్ చేసుకున్నాను' అన్నారు. ఆయన నోట్ చేసుకున్నదేమిటో తర్వాత తెలిసింది: 'ప్యాకింగ్ డ్యామేజ్, కొత్త పీసు పంపాలి'. అలా నాకు ఇంకో చొక్కా వచ్చింది. మళ్ళీ కవర్లో కవరు, మళ్ళీ పట్టీ, మళ్ళీ సీతాకోకచిలుక. పాత చొక్కా తీసుకెళ్ళడానికి వచ్చిన కొరియర్ అబ్బాయి అసలు కవర్లో లేకపోతే తీసుకోనన్నాడు. అతన్ని ఏమనలేను, అతనికి మీరు చెప్పిన రూల్ అది. బార్‌కోడ్ ఉండేది బట్ట మీద కాదు కదా, కవరు మీద. ప్లాస్టిక్ తగ్గించమని ఫిర్యాదు చేసి దాన్ని రెట్టింపు చేసిన ఘనత నాకు దక్కింది, మీ దయవల్ల.

పైవాళ్ళకు ఇవ్వమన్నాను. పైవాళ్ళు ఇది గోడౌన్ వాళ్ళ వ్యవహారమన్నారు. గోడౌన్ వాళ్ళు, సరుకు ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది, మా చేతుల్లో ఏమీ లేదన్నారు. ఫ్యాక్టరీ ఎవరిదంటే చెప్పకూడదన్నారు. ఫ్యాక్టరీకి ఎలా ప్యాక్ చేయాలో చెప్పేది ఎవరంటే ఫోన్ పెట్టేశారు. ఆ చెప్పేది మీ కంపెనీయే. ప్యాకింగ్ ఎలా ఉండాలో, కవరు ఎంత మందం ఉండాలో, స్టిక్కరు ఎక్కడ అంటించాలో మీరే కాగితం మీద రాసిచ్చి సప్లయర్‌తో సంతకం పెట్టించుకుంటారు. ఆ మాత్రం నాకూ తెలుసు.

ఒకావిడ మాత్రం జవాబు చెప్పే ప్రయత్నం చేశారు, కాదనను. 'మా కవర్లు మట్టిలో కలిసిపోతాయి మేడమ్' అన్నారు. ఏ మట్టిలో, ఎన్నాళ్ళకు అన్నాను. నీళ్ళు నమిలారు. కంపోస్టబుల్ అని రాసిన కవర్లలో చాలావాటికి పెరటి మట్టి సరిపోదు. 60 డిగ్రీల దాకా వేడి నిలిచే పెద్ద కంపోస్ట్ ప్లాంట్లు కావాలి. ఎండకూ గాలికీ ముక్కలైపోయే 'ఆక్సో' రకం ప్లాస్టిక్ అయితే యూరోపియన్ యూనియన్ 2021లోనే నిషేధించింది, మాయం కావడం కాదు, పొడిపొడి అవుతుందని. మీది ఏ రకమో ఆవిడకు తెలియదు. 'పోనీ రీసైకిల్ చేసుకోవచ్చు మేడమ్' అన్నారు. ఎక్కడ? పల్చటి కవర్లు వేరుచేసే యంత్రాల్లో చుట్టుకుపోతాయని చాలాచోట్ల తీసుకోరు. తీసుకునేచోట కూడా రంగులేని, అచ్చులేని కవరుకే విలువ. మీ కవరు నిండా అరచేయంత లోగో, దాని పక్కన గోరుతో గీకినా ఊడని కాగితపు స్టిక్కరు. పోనీ పోగేసినవన్నీ మీకే పంపిస్తాను, చిరునామా ఇవ్వండి అన్నాను. రిటర్న్ రిక్వెస్ట్ లేకుండా ఏదీ తీసుకోరట.

మీ వెబ్‌సైట్లో పచ్చటి ఆకుల బొమ్మలతో ఒక పేజీ ఉంది. 'మీ సూచనలే మా ప్రయాణానికి దారి' అని రాసి, కింద మెయిల్ చిరునామా ఇచ్చారు. దానికి రాస్తే అలాంటి చిరునామా లేదని వెనక్కి తిరిగొచ్చింది. మీ సోషల్ మీడియా పేజీలో రాస్తే మెసేజ్ చేయమన్నారు. మెసేజ్ చేస్తే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయమన్నారు. ఈలోగా టికెట్ మూసేశారు. కారణం: 'కస్టమర్ అందుబాటులో లేరు'. మూసిన మరుక్షణమే మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగే మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చింది. మీ కంపెనీలో సరిగ్గా పనిచేసే విభాగం అదొక్కటే.

మీరు చెప్పాల్సిన జవాబు నేనే చెబుతాను వినండి. కుట్టిన బట్ట ఫ్యాక్టరీ నుంచి ఓడ ఎక్కి, గోడౌన్‌లో బెల్టుల మీద దొర్లి, చేతులు మారి కొన్నవారి దగ్గరికి చేరేసరికి దుమ్ము, తేమ, రాపిడి అన్నీ తగులుతాయి. పటగోనియా అనే అమెరికన్ బట్టల కంపెనీ ఒకసారి కవర్లు తీసేసి చూసింది. పరీక్ష పెట్టిన బట్టల్లో సుమారు 30 శాతం అమ్మడానికి పనికిరాకుండా పోయాయని 2014లో తనే బయటపెట్టింది. ఒక చొక్కా పాడైతే దాని పత్తికీ నీటికీ అద్దకానికీ అయిన నష్టం ఆ కవరు కంటే చాలా ఎక్కువ. న్యాయమైన మాట. మీలో ఒక్కరు ఈ మాట చెప్పి ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని. కాకపోతే పటగోనియా అక్కడితో చేతులు దులుపుకోలేదు, బట్టను ఇంకాస్త చిన్నగా మడిచి చిన్న కవరుతో సరిపెట్టింది. ప్రానా అనే కంపెనీ బట్టల్ని చాపలా చుట్టి, రాఫియా నారతో కట్టి పంపడం మొదలుపెట్టింది. పర్యావరణం కోసం బట్టల కంపెనీలు 2019లో చేసుకున్న 'ఫ్యాషన్ ప్యాక్ట్' ఒప్పందంలో చేరినవి కొనేవాళ్ళ చేతికొచ్చే ప్యాకింగులో అనవసరపు ప్లాస్టిక్‌ను 2025 కల్లా, వ్యాపారాల మధ్య తిరిగే ప్యాకింగులో 2030 కల్లా తీసేస్తామన్నాయి. వాళ్ళు ఎంతవరకు చేశారన్నది వేరే సంగతి. కనీసం తేదీ అంటూ ఒకటి చెప్పారు. మీ ఆకుల పేజీలో 'త్వరలో' అని ఉంది. ఆ త్వరలో నేను చూస్తున్నప్పటి నుంచీ అలాగే ఉంది.

నేను నిన్నగాక మొన్న వచ్చిన కస్టమర్ని కాను. మీకు యాప్ లేని రోజుల నుంచీ కొంటున్నాను. మీ బట్టలు ఉతికితే కుంచించుకుపోతాయని ఎవరో అంటే వాదించి నోరు మూయించిన మనిషిని. మా ఇంట్లోవాళ్ళనీ ఆఫీసువాళ్ళనీ మీ దగ్గరికి మళ్ళించాను. అందుకు మీరు నాకు గోల్డ్ మెంబర్ అని పేరు పెట్టారు. గోల్డ్ మెంబర్‌కే ఈ మర్యాద అయితే, మామూలు మెంబర్ల గతి ఏమిటో ఆలోచించడానికే భయంగా ఉంది. పోయినసారి గట్టిగా మాట్లాడితే పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. అంటే ఇంకో చొక్కా కొనమని, ఇంకో రెండు కవర్లు తెచ్చుకోమని.

ఈ లేఖకు మనిషి రాసిన జవాబు కావాలి. 'ప్రియమైన విలువైన కస్టమర్' అని మొదలయ్యేది కాదు. ప్యాకింగ్ నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఆ మనిషి రాయాలి. నిరుడు ఎంత బరువు కవర్లు వాడారో, వచ్చే ఏడాది ఎంత వాడతారో అందులో ఉండాలి. సాక్సులూ లోదుస్తుల లాంటివాటికి జతకో కవరు తీసేసి ఒక కట్టకు ఒకటే పెట్టడానికి అడ్డమేమిటో చెప్పాలి. కాలరు పట్టీ అట్టముక్కతో చేయడానికి మీకు పట్టే కాలం ఎంతో చెప్పాలి. అది ఎలాగూ ఎవరూ దాచుకోరు. కవరు మీద లోగో మానేయడానికైతే కమిటీ కూడా అక్కర్లేదు.

నెలాఖరులోగా జవాబు రాకపోతే మీ వాళ్ళు పంపిన మెయిళ్ళూ చాట్‌లూ అన్నీ తేదీలతో సహా అందరికీ కనిపించేచోట పెడతాను. మీ ప్రకటనల్లో 'పర్యావరణ హితం' అన్న మాటకు ఆధారం చూపించమని వినియోగదారుల సంఘానికి రాస్తాను. నాకు చెప్పని సంగతి వాళ్ళకైనా చెప్పుకోవాల్సి వస్తుంది. మీ దగ్గరికి నేను మళ్ళించినవాళ్ళను వెనక్కి మళ్ళించడం కూడా నాకు చేతనవును.

ఇట్లు,
మీ గోల్డ్ మెంబర్
(ప్రస్తుతానికి)