ఆ పాత సూట్‌కేసు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరమొచ్చి నెల దాటింది. ఈ నెలంతా ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ మీద రిచర్డ్ ఎల్‌మన్ రాసిన జీవితచరిత్రతోనే కాపురం. నిన్న రాత్రి ముగించాను. నీకు చెప్పుకుంటే తప్ప మనసు ఊరుకునేలా లేదు.

ఈ ఎల్‌మన్ మాత్రం ఐర్లండువాడు కాదురా. 1918లో మిషిగన్‌లో పుట్టిన అమెరికన్. యుద్ధకాలంలో నేవీ ఉద్యోగం మీద లండన్ వచ్చి, 1945లో డబ్లిన్ వెళ్లి ఐరిష్ కవి యేట్స్ భార్య జార్జ్‌ను కలిశాడు. యేట్స్ పోయి అప్పటికి ఆరేళ్లు. ఆ తర్వాత పరిశోధన కోసం మళ్లీ వెళ్తే, ఆవిడ ఒక పాత సూట్‌కేసు తీసి, ఆయన చూడాలనుకున్న రాతప్రతులన్నీ అందులో సర్ది చేతికిచ్చింది! జిరాక్సులు లేని రోజులు. దారిలో ఆ పెట్టె పోతే ఏమయ్యేది? మా తాతయ్య పద్యాల నోటుబుక్కులు గుర్తున్నాయా? ఎవరికీ ఇవ్వకుండా అటక మీద దాచాం, చివరికి చెదలకి అప్పజెప్పాం. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

1948లో యేట్స్ మీద పుస్తకం వచ్చింది. తర్వాత షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు, కొన్నాళ్లు యేల్, 1970 నుంచి 1984 దాకా ఆక్స్‌ఫర్డ్. జాయిస్ పుస్తకం 1959లో వస్తే మరుసటి ఏడాదే నేషనల్ బుక్ అవార్డు. అంత పేరొచ్చాక ఎవరైనా అక్కడితో వదిలేస్తారు. కొత్త సంగతులు బయటపడ్డాయని, ఈయన 1982లో దాన్ని మళ్లీ సవరించి వేశాడు. మాస్టారంటే ఇలా ఉండాలిరా!

జాయిస్ తమ్ముడు స్టానిస్లాస్, తన అన్న సంగతులన్నీ జాగ్రత్తగా రాసి పెట్టుకున్న మనిషి. ఆయన 1955 జూన్ 16న పోయాడు. జాయిస్ నవల 'యులిసిస్' కథ నడిచేది కూడా జూన్ 16నే! ఆయన సగంలో వదిలిన జ్ఞాపకాలను కూడా ఎల్‌మనే సరిచూసి 1958లో అచ్చు వేయించాడు.

అసలు సంగతి ఇప్పుడు విను. 1904లో ఉండటానికి చోటు లేని కుర్ర జాయిస్‌కి డబ్లిన్‌లో కొన్నాళ్లు ఆశ్రయమిచ్చింది జేమ్స్ కజిన్స్ దంపతులు. ఆ కజిన్సే తర్వాత మన మదనపల్లె థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాలు! 1919లో రవీంద్రుడు అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లిషులోకి మార్చినప్పుడు, బాణీకి స్వరాలు రాసుకున్నది ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. ఎన్నిసార్లు ఆ ఊరి మీదుగా బస్సులో పోయాం, ఒక్కసారైనా దిగామా?

చివరి రోజుల్లో ఎల్‌మన్‌కి మోటార్ న్యూరాన్ జబ్బు. ఒంట్లో సత్తువ పోతున్నా ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ జీవితచరిత్ర పూర్తి చేశాడు. 1987 మేలో పోయాడు, పుస్తకం ఆ ఏడాదే వచ్చింది. 1989లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చేనాటికి అందుకోవడానికి మనిషి లేడు.

డిసెంబర్లో నువ్వొస్తావుగా, ఈసారి మదనపల్లెలో దిగుదాం. పుస్తకం నీకోసం తెస్తాను, మార్జిన్లో నా గీతలుంటాయి, ఏమనుకోకు.

నీ
రాము